కాలువలో మందుకు లొంగని లార్వా

శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఏ వీధిలో అడిగినా ఒకే మాట వినిపిస్తుంది: "మందు ఏస్తన్నారు గానీ దోమలు తగ్గనేదు." మున్సిపాలిటీ మనిషి వీపున స్ప్రేయరు తగిలించుకుని వస్తాడు, మురుగుకాలువ పొడవునా కొట్టుకుంటూ పోతాడు. నాలుగు రోజులు తిరిగేసరికి అదే కాలువలో లార్వాలు తల కిందికి, తోక పైకి పెట్టుకుని మళ్ళీ వేలాడుతుంటాయి. మందు కల్తీదని ఒకరంటారు. దోమలు దానికి అలవాటు పడిపోయాయని ఇంకొకరంటారు. కల్తీ సంగతి తేల్చాల్సింది లేబొరేటరీ. ఈ వ్యాసం రెండో మాట గురించి. అందులో కొంత నిజం ఉంది. కాకపోతే అది జరిగే తీరు మనం అనుకునేది కాదు.

ఈ ప్రాంతానికి దోమ కొత్త శత్రువు కాదు. తీరం వెంబడి బోదకాలు తరతరాలుగా ఉంది. ఏటా ఇంటింటికీ తిరిగి డీఈసీ, ఆల్బెండజోల్ మాత్రలు మింగించిన కార్యక్రమం ఇక్కడి వాళ్ళందరికీ గుర్తే. సీతంపేట, పార్వతీపురం ఏజెన్సీలో మలేరియా. పట్టణాల్లో డెంగీ. మూడు జబ్బులకూ మూడు వేరువేరు దోమలు. ఏజెన్సీ మలేరియాను మోసేది అనాఫిలిస్. ఇది కొండవాలు గెడ్డల్లో, పారుతున్న నీటి అంచుల్లో, వరిమళ్ళలో పుడుతుంది. డెంగీని మోసే ఏడిస్ ఇంట్లోనే, కుండీలో, కూలరులో, పారేసిన టైరులో పెరుగుతుంది. బోదకాలును మోసే క్యూలెక్స్‌కు కావలసింది మురుగు. వీధి కాలువ, సెప్టిక్ ట్యాంకు, పాయిఖానా గొయ్యి, ఎంత కంపుకొడితే అంత ఇష్టం. కొండ మీది వందల గెడ్డల్లో లార్వా మందు చల్లుకుంటూ పోవడం అయ్యేపని కాదు. అందుకే అక్కడ దోమతెరలు, గోడలకు స్ప్రేయింగు. లార్వా మందు అంటే ప్రధానంగా పట్టణపు పని, అందులోనూ ఎక్కువగా క్యూలెక్స్ మీద చేసే పని. ఈ కథలో ముఖ్యపాత్ర కూడా దానిదే.

కాలువల్లో చల్లే మందుల్లో పాతకాపు టెమిఫాస్. అబేట్ అంటే అందరికీ తెలుస్తుంది. అది నరాల మీద పనిచేసే రసాయనం. దాని పక్కన దోమల జబ్బుల మీది జాతీయ కార్యక్రమం వాడమంటున్నవాటిలో బీటీఐ ఒకటి. ఇది రసాయనం కాదు, ఒక బ్యాక్టీరియా తయారుచేసే ప్రోటీను. 1976లో ఇజ్రాయెల్‌లోని నెగెవ్ ఎడారిలో ఒక నీటిగుంట నిండా దోమ లార్వాలు చచ్చి పడి ఉండటం యోయెల్ మార్గలిత్ అనే శాస్త్రవేత్త కంటపడింది. ఆ గుంటలోంచి వేరుచేసిన బ్యాక్టీరియాకు బాసిల్లస్ తురింజియెన్సిస్ ఇజ్రాయెలెన్సిస్ అని పేరు పెట్టారు, పొట్టిగా బీటీఐ. దీనికి దూరపు చుట్టం లాంటిది ఇంకొకటుంది, బాసిల్లస్ స్ఫేరికస్. ఇప్పుడు శాస్త్రవేత్తలు దాని ఇంటిపేరు మార్చి లైసినిబాసిల్లస్ అంటున్నారు గానీ ఇక్కడ స్ఫేరికస్ అనే పిలుచుకుందాం. మన దేశంలో ఈ రెండు బ్యాక్టీరియాల మీదా ఎక్కువగా పనిచేసింది పుదుచ్చేరిలో 1975లో పెట్టిన వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్.

ఈ బ్యాక్టీరియా మందు ఒంటికి తగిలితే లార్వా చావదు, తింటేనే చస్తుంది. మిగతా కథంతా ఈ ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది.

క్యూలెక్స్ లార్వా మురుగులో ఊరికే వేలాడదు. నోటి దగ్గర ఉన్న కుచ్చుల్లాంటి వెంట్రుకలను ఆడిస్తూ నీటిని తన వైపు లాక్కుంటుంది. ఆ నీటితో వచ్చే నాచునీ బ్యాక్టీరియానూ కుళ్ళునూ వడకట్టి మింగుతుంది. పగలూ రాత్రీ ఇదే పని. మందు చల్లినప్పుడు ఆ నలకలతోపాటే బ్యాక్టీరియా సిద్ధబీజాలూ వాటి పక్కన ఉండే ప్రోటీను స్ఫటికాలూ కడుపులోకి పోతాయి. మన కడుపులో ఆమ్లం ఉంటుంది. లార్వా పేగులో దానికి పూర్తిగా విరుద్ధం, ఘాటైన క్షారం. ఆ క్షారంలో స్ఫటికం కరుగుతుంది. కరిగిన ప్రోటీనును లార్వా జీర్ణరసాలే కత్తిరిస్తాయి. కత్తిరించాకే అది విషమవుతుంది. లార్వా తన చావును తానే వండుకుంటుందన్న మాట. తయారైన విషం పేగు గోడలోని కణాల మీద తనకు సరిపోయే అణువును వెతుక్కుని అతుక్కుంటుంది. శాస్త్రభాషలో ఆ అణువు గ్రాహకం. మనం దాన్ని తాళంకప్ప అనుకుందాం, విషాన్ని తాళంచెవి అనుకుందాం. చెవి సరిపోతే కణానికి రంధ్రం పడుతుంది, నీళ్ళు చొరబడతాయి, కణం ఉబ్బి పగులుతుంది. లార్వా ముందు తినడం మానేస్తుంది. బీటీఐ అయితే ఆ తరవాత గంటల్లో, మహా అయితే ఒక రోజులో పని ముగుస్తుంది. స్ఫేరికస్‌కు ఇంకో రోజు పడుతుంది. మనుషులకు, పశువులకు, చేపలకు ఆ క్షారం పేగూ లేదు, ఆ తాళంకప్పా లేదు. ఈ మందును సురక్షితమని అనేది అందుకే. టెమిఫాస్‌కు లొంగని దోమ కూడా దీనికి లొంగుతుంది. దోమ నరాల మందు నుంచి రక్షణ సంపాదించుకున్నా ఇది పేగు మీద దెబ్బకొడుతుంది.

మరి లార్వా దీన్నుంచి ఎలా తప్పించుకుంటుంది? కప్ప మారితే చాలు, చెవి తిరగదు.

ఇక్కడే "అలవాటు పడటం" అనే ఊహ తప్పుతుంది. ఏ లార్వా కూడా కొంచెం కొంచెం మందు తాగి గట్టిపడదు. మందు చల్లకముందే, ఆ మందు పుట్టకముందే, కొన్ని దోమల జన్యువుల్లో చిన్న అచ్చుతప్పు ఉంటుంది. ఆ తప్పువల్ల తాళంకప్ప సరిగా తయారుకాదు. మామూలు రోజుల్లో దానివల్ల దోమకు లాభం లేదు, కొన్నిసార్లు నష్టమే. మందు పడిన రోజున మాత్రం బతికి బయటపడేది అదే.

లెక్క కోసం ఇలా అనుకుందాం. ఆ జన్యువు ప్రతుల్లో వెయ్యికి ఒకటి తప్పుడు ప్రతి. ప్రతి లార్వాకూ తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి. రెండూ తప్పువయ్యే లార్వా పది లక్షలకు ఒకటి. ఒకటి తప్పు, ఒకటి మంచి ఉన్నవి వెయ్యికి దాదాపు రెండు. వీటికి మంచి ప్రతి నుంచి కప్ప తయారవుతుంది కాబట్టి మందుకు చస్తాయి. అంటే మొదట్లో దోమ పక్షాన ఉన్నది పది లక్షలకు ఒక్క లార్వా. తక్కువే అనిపిస్తుంది. కానీ ఒక పట్టణంలోని కాలువలన్నిటిలో లార్వాలు కోట్లలో ఉంటాయి. ఒక్కో ఆడ క్యూలెక్స్ నీటి మీద తెప్పలా అంటించి ఒకేసారి వంద నుంచి మూడొందల గుడ్లు పెడుతుంది. మన ఎండలకు గుడ్డు దోమై ఎగరడానికి పది రోజులు చాలు. ఏడాదికి ఇరవై తరాలు దాటుతాయి. ప్రతి తరంలోనూ మందు మంచి ప్రతులను తుడిచిపెడుతూ పోతే, మిగిలిన కొద్దివాటి సంతానమే ఆ కాలువను నింపుతుంది.

దీన్ని ఆపగలిగేది ఒకటుంది. మందు పడని పక్క చెరువులోంచో ఊరవతల గుంటలోంచో వచ్చిన మామూలు దోమ ఈ మొండి దోమతో జతకడితే పిల్లలకు ఒక మంచి ప్రతి దక్కుతుంది. ఆ పిల్లలు మళ్ళీ మందుకు చస్తాయి. వినడానికి వింతగా ఉంటుంది గానీ, మనం చంపకుండా వదిలిన దోమలు ఈ పోరాటంలో మన పక్షాన ఉంటాయి.

ఇదంతా కాగితం మీది లెక్క అనుకునేవాళ్ళకు కొచ్చి జవాబు చెబుతుంది. కొచ్చి కూడా మన తీరపట్టణాల్లాగే బోదకాలు ఊరు. కాలువలు, నిలవనీరు, క్యూలెక్స్ దండు. అక్కడ స్ఫేరికస్‌ను, 1593ఎం అనే రకాన్ని, కాలువల్లో వరసపెట్టి చల్లారు. రెండేళ్ళలో 35 విడతలు. 1995లో వెలువడిన ఫలితం ప్రకారం అక్కడి క్యూలెక్స్ లార్వాలను చంపడానికి మామూలు లార్వాలకు సరిపోయే మోతాదుకు దాదాపు 150 రెట్లు కావలసివచ్చింది. దేశంలో ఒక బ్యాక్టీరియా మందు దోమ ముందు స్పష్టంగా ఓడిపోయిన సందర్భం అది. కొచ్చి ఒంటరి కూడా కాదు. దక్షిణ ఫ్రాన్సులో, బ్రెజిల్‌లోని రెసిఫే నగరంలో, చైనాలో, ట్యునీషియాలో ఇదే జరిగింది. థాయ్‌లాండులో బ్యాంకాక్ పక్కనున్న నొంతబురిలో అయితే నాలుగు నెలల్లో ఐదుసార్లు చల్లేసరికే లార్వాలు వేల రెట్ల మోతాదును కూడా లెక్కచేయలేదు.

స్ఫేరికస్ ఇంత తొందరగా ఎందుకు పడిపోయింది? దాని విషంలో రెండు ప్రోటీను ముక్కలున్నా, రెండూ కలిసి ఒకే తాళంచెవి. ఒక ముక్క కప్పను పట్టుకుంటుంది, రెండో ముక్క లోపల పనిచేస్తుంది. క్యూలెక్స్ పేగులో ఆ కప్ప చక్కెరను జీర్ణంచేసే ఒక ఎంజైము. రెసిఫేలో దొరికిన మొండి దోమల్లో ఆ ఎంజైము జన్యువులోంచి 19 అక్షరాలు ఊడిపోయి ఉన్నాయి. దాంతో ఎంజైము సగంలో ఆగిపోయి పేగు గోడకు అతుక్కోలేకపోయింది. మొత్తం మందును ఓడించడానికి అంత చాలింది. ఏడిస్ విషయం ఇంకా విచిత్రం. దాని పేగులో ఆ ఎంజైము ఉన్నా స్ఫేరికస్ విషం దానికి అతుక్కోదు, కాబట్టి డెంగీ దోమ మీద ఈ మందు మొదటి నుంచీ దండగే.

రెండో కారణం నాకు ఇంకా ముఖ్యంగా కనిపిస్తుంది. స్ఫేరికస్‌ను అందరూ మెచ్చుకున్న గుణం మురుగులో వారాల తరబడి నిలవడం. చచ్చిన లార్వా ఒంట్లో మళ్ళీ పెరిగి, మళ్ళీ బీజాలు విడుస్తుంది. ఒకసారి చల్లితే చాలని, ఖర్చు తగ్గుతుందని సంతోషించారు. కానీ మందు ఎప్పుడూ కాలువలో ఉందంటే, పుట్టిన ప్రతి తరమూ దాని గుండా వడపోతకు వెళ్ళాల్సిందే. మామూలు దోమకు పిల్లల్ని పెంచుకునే తెరిపి ఒక్క వారం కూడా దొరకదు. మన సౌకర్యమే మొండి దోమకు సాయమైంది.

బీటీఐ తీరు వేరు. దాని స్ఫటికంలో ముఖ్యమైన విషాలు నాలుగు. మూడు క్రై కుటుంబానివి, నాలుగోది సైట్. క్రై విషాలు ఒక్కొక్కటీ ఒక్కో చెవి. సైట్ అయితే తాళంకప్ప కోసం వెతకనే వెతకదు, నేరుగా కణం పొరలోకి దూరుతుంది. అంతటితో ఆగదు. తానే ఒక కొత్త కప్పలా నిలబడి క్రై విషానికి చోటిస్తుంది. దోమ తన కప్పలు మార్చుకున్నా సైట్ ఇంకొకటి తగిలిస్తుంది.

దీని విలువ తేల్చిన ప్రయోగం కాలిఫోర్నియాలో జరిగింది. జార్జియూ, విర్త్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దాన్ని 1997లో ప్రకటించారు. క్యూలెక్స్ దోమలనే తీసుకుని, కొన్నిటికి బీటీఐలోని ఒకే విషం, కొన్నిటికి రెండు, కొన్నిటికి మూడు, కొన్నిటికి నాలుగూ కలిపి, తరం తరవాత తరం పెట్టుకుంటూ పోయారు. ఇరవై ఎనిమిది తరాలకు ఒకే విషం తిన్న దోమలు 900 రెట్లకు పైగా తట్టుకున్నాయి. రెండింటికి సుమారు 120 రెట్లు, మూడింటికి 90 రెట్లు. సైట్‌తో సహా నాలుగూ తిన్నవి మూడు రెట్ల దగ్గరే ఆగిపోయాయి. మూడు విషాల నుంచి నాలుగుకు వెళ్ళినప్పుడు వచ్చిన ఆ తేడాను చూడండి. జర్మనీలో రైన్ నది వెంబడి 1981 నుంచి బీటీఐ చల్లుతున్నారు. దశాబ్దాల తరవాత పరీక్షించినా అక్కడి వరద దోమలు లొంగుతూనే ఉన్నాయి.

అయినా బీటీఐకి ఏమీ కాదని ధీమాగా ఉండలేం. ఫ్రాన్సులో బీటీఐ చల్లిన చిత్తడి నేలల నుంచి కుళ్ళిన ఆకులు తెచ్చి ఏడిస్ లార్వాలకు తరాల తరబడి తినిపించారు. ఆ ఆకుల్లో పాత మందు మిగిలి ఉంది. చివరికి ఆ దోమలు మొత్తం బీటీఐని కొద్దిరెట్లే తట్టుకున్నా, క్రై విషాలను విడివిడిగా ఇస్తే చాలా ఎక్కువ తట్టుకున్నాయి. నాలుగు విషాలూ ఒకే వేగంతో చెడిపోవు, సైట్ ముందు పోతుంది. అడుగున మిగిలిన అరకొర విషం దోమలకు శిక్షణ ఇచ్చినట్టయింది. మన కాలువల అడుగున ఎంత బురద, ఎంత ఆకు, ఎంత ప్లాస్టిక్ పేరుకుని ఉందో చూసేవాళ్ళకు ఈ ప్రయోగం దూరదేశపు ముచ్చటలా అనిపించదు.

పత్తి రైతులకు ఇదంతా తెలిసిన కథే. బీటీ పత్తిలోని విషం ఇదే బ్యాక్టీరియా జాతిది, ఇదే క్రై కుటుంబానిది. 2002లో ఒక విషంతో వచ్చింది, 2006లో రెండింటితో. చేను చుట్టూ కొన్ని వరసలు మామూలు పత్తి వేయమని ప్యాకెట్‌తోపాటు చిన్న పొట్లం ఇచ్చేవారు. మామూలు పురుగు బతికి, మొండి పురుగుతో జతకట్టాలని ఆ ఏర్పాటు. ఎవరు వేశారు? గుజరాత్‌లో గులాబీ రంగు పురుగు మొదటి విషాన్ని జయించిన సంగతి 2010లో బయటపడింది. తరవాత రెండో విషమూ పోయింది. ఆంధ్ర, తెలంగాణ పత్తి చేలల్లో కాయ పగలగొడితే పురుగు కనపడే రోజులు వచ్చాయి. బీటీఐలోని సైట్ లాంటి నాలుగో విషం పత్తిలో లేదు.

ఇప్పుడు మళ్ళీ మన వీధి కాలువ దగ్గరికి వద్దాం. అక్కడ లార్వా చావలేదంటే అది మొండి దోమ అయినట్టేనా? చాలాసార్లు కాదనే నా అభిప్రాయం. బీటీఐ విఫలం కావడానికి అంతకంటే చౌక కారణాలు బోలెడున్నాయి. మురుగు ఎంత చిక్కగా ఉంటే లార్వాకు అంత ఇతర తిండి, మందు నలక నోట్లో పడే అవకాశం అంత తక్కువ. ఆ నలకలు బురదకు అంటుకుని అడుగుకు దిగిపోతాయి. ఎండ సోకితే విషం చెడిపోతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది లార్వా వయసు. చివరి దశలో ఉన్న లార్వా ప్యూపాగా మారేముందు తినడం మానేస్తుంది. కామా గుర్తులా ముడుచుకుని పల్టీలు కొట్టే ప్యూపాకు నోరే పనిచేయదు. తినని ప్రాణిని తిండిమందు చంపలేదు. మంగళవారం చల్లిన మందు ఆ రోజు కాలువలో ఉన్న ప్యూపాలను ఏమీ చేయదు, శుక్రవారానికి అవి ఎగిరిపోతాయి. వీధివాళ్ళు మందు పనిచేయలేదంటారు. బీటీఐని నెలకొకసారి చల్లి ఊరుకుంటే దోమకు మధ్యలో రెండు తరాలు దొరుకుతాయి.

తేడా తెలుసుకోవడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో ఇరవై ఐదేసి లార్వాలను శుభ్రమైన నీటి కప్పుల్లో వేసి, కొలిచిన మోతాదులు కలిపి, బీటీఐ అయితే 24 గంటలకు, స్ఫేరికస్ అయితే 48 గంటలకు చచ్చినవాటిని లెక్కపెడతారు. మందు ఎరగని లేబొరేటరీ దోమలతో పోలుస్తారు. కప్పులో చచ్చి కాలువలో బతికాయంటే తప్పు చల్లడంలో ఉంది. కప్పులో కూడా బతికాయంటేనే అది మొండితనం. ఈ పని తెలిసిన సంస్థ మనకు దూరంగా లేదు. దేశంలో ఫైలేరియా శిక్షణ, పరిశోధన కేంద్రాలు మూడే, ఒకటి రాజమహేంద్రవరంలో ఉంది.

మొండితనమని తేలితే ఏం చేయాలో కూడా కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. మోతాదు పెంచడం మాత్రం చేయకూడదు. 150 రెట్లు పెంచగల బడ్జెట్ ఏ మున్సిపాలిటీకీ లేదు. స్ఫేరికస్‌కు లొంగని దోమ బీటీఐకి లొంగుతుంది. సైట్ విషాన్ని స్ఫేరికస్‌తో కలిపితే మొండి దోమ కూడా చస్తుందని ప్రయోగాల్లో తేలింది. రెండు బ్యాక్టీరియాలూ కలిపిన మందులు వచ్చింది ఆ ఆలోచనతోనే. మందు మార్చడమంటే పేరు మార్చడం కాదు, పనిచేసే పద్ధతి మార్చడం. కొన్ని నెలలు బీటీఐ అయితే, తరవాత లార్వాను దోమగా మారనివ్వని పైరిప్రాక్సీఫెన్, లేదా దాని పొర ఏర్పడనివ్వని డైఫ్లూబెంజురాన్. మంచినీటి బావుల్లో, చెరువుల్లో మందే వద్దు, గంబూసియా చేప చాలు. చేపను తట్టుకునే జన్యువు దోమకు లేదు.

పూడిక తీయని కాలువలో ఏ మందైనా సగం వృథా. ఇంటివాళ్ళ వంతు పని చిన్నదే: సెప్టిక్ ట్యాంకు గొట్టానికి మెష్ గుడ్డ కట్టండి, క్యూలెక్స్‌కు లోపలికి దారీ బయటికి దారీ అదే. శుక్రవారం డ్రై డే నాడు కుండీలు నిజంగానే ఆరబెట్టండి. వార్డు సచివాలయంలో దోమల మీద ఫిర్యాదు చేసేటప్పుడు "ఎప్పుడు చల్లుతారు" అని మాత్రమే అడిగి ఊరుకోకండి. ఏ మందు చల్లుతున్నారు, ఎన్ని నెలలుగా అదే చల్లుతున్నారు, చల్లిన రెండో రోజున లార్వాలను ఎవరైనా లెక్కపెట్టారా అని అడగండి.